ఈకకు పడని చేప

మొన్న వాన వెలిసిన పొద్దున భవానీపురంలో కోళ్ళ దుకాణం ముందునుంచి నడుస్తుంటే తడి ఈక ఒకటి నా చెప్పుకు అంటుకుంది. వంగి తీశాను. పుంజు మెడ ఈక. ఇటుక రంగు, కొసన కాస్త నలుపు. రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కి నిమిరితే పోగులు విడివడి నిక్కబొడుచుకున్నాయి. పచ్చి వాసన ముక్కుకు తగిలింది. "పారెయ్యండి సార్, చెయ్యంతా కంపు కొడుతుంది," అన్నాడు దుకాణం అతను. పారేశాను. కానీ అప్పటికే నా చెవులు వేడెక్కాయి. ఈ వయసులో, నడిరోడ్డు మీద, ఎవరూ ఏమీ అనకుండానే. సత్యానందం గారు గుర్తొస్తే నాకెప్పుడూ అంతే.

ఆయన నా మొదటి ఆఫీసరు. డెబ్భైల మొదట్లో నేను జూనియర్ ఇంజినీరుగా బెజవాడలో చేరేనాటికి ఆయన కాలవల మీద ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. చల్లపల్లి దగ్గర ఒక పల్లె ఆయనది. తండ్రి పొలాల్లో కూలి చేసేవాడు. పాస్టరు గారి సాయంతో మిషన్ బడిలో చదివి, హాస్టళ్ళలో పెరిగి, ఆ కుర్చీదాకా వచ్చారు. మా ఇంట్లో మూడు తరాలుగా అందరూ బడిపంతుళ్ళు. నాకు చదువు ఇంట్లో పడి ఉన్న వస్తువు, ఆయనకు ఎదురీది తెచ్చుకున్న వస్తువు. ఆ తేడా నాకు చాలాకాలం తెలియలేదు. గంజి పెట్టిన తెల్లచొక్కా, తూచినట్టు మాట్లాడే ఇంగ్లీషు, ఎంత ఎండలోనైనా కాలవ గట్టు మీద నడిచే తనిఖీ చెయ్యడం, ఇవీ నేను చూసిన సత్యానందం గారు. నా రిపోర్టుల్లో ఎక్కడైనా అనుమానం వస్తే పిలిచి నిలబెట్టేవారు. "చూశావా, ఊహించావా? చూస్తే చూశానని రాయి. ఊహిస్తే ఊహించానని రాయి. రెండూ కలిపి రాస్తే గట్టు తెగిన రోజున జనం మునుగుతారయ్యా," అనేవారు. ఉద్యోగం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ ఒక్క మాటతోనే.

ఇంజినీర్ల క్లబ్బులో మాత్రం ఆయన వేరే మనిషి. రోజూ వచ్చేవారు, ఒక మూల బల్ల దగ్గర కూర్చునేవారు. ఆయన బల్ల దగ్గర పేకాటకు నాలుగో మనిషి ఎప్పుడూ దొరికేవాడు కాదు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. నమస్కారాలు బాగానే పెట్టేవారు. ఆయన పేపరు తిరగేసి, కాఫీ తాగి, అందరికంటే ముందే లేచి వెళ్ళిపోయేవారు.

ఆ రోజుల్లో బ్యారేజి తలుపుల యంత్రాల శిక్షణ కోసం మా ఇద్దరినీ యుగోస్లావియా పంపారు. కొండల మధ్య చిన్న ఊరు, ఊరి పక్కనే ఒక నది. మన కృష్ణలా కాదు. అడుగున ఉన్న గులకరాళ్ళు ఒక్కొక్కటీ కనబడేంత తేట, పాదం పెడితే ఎముక కొరికేంత చలి. మాకు పని నేర్పే ఇంజినీరు పేరు యాంకో. బొద్దు మీసాలు, పెద్ద నవ్వు. సెలవు రోజున ఆయనకు చేపలు పట్టడం తప్ప మరో లోకం లేదు. అక్కడ ట్రౌట్ అనే చేప ఉంటుంది. గోధుమరంగు వీపు, పక్కల మీద కుంకుమబొట్లలాంటి ఎర్రచుక్కలు. దాన్ని ఎరతో పట్టకూడదట. చిన్న గాలానికి ఈకను దారంతో చుట్టి, నీటి మీద వాలే పురుగులా తయారుచేసి, పొడవాటి బద్దతో గాలిలో దారాన్ని ఊపి, పురుగు వాలినంత మెత్తగా నీటి మీద వదలాలి. చేప మోసపోయి పైకి రావాలి. ఊరి చేపల సంఘం పెట్టిన కట్టుబాటు అది. ఆ సంఘానికి పెద్ద యాంకోయే.

సత్యానందం గారికి ఆ విద్య పట్టుకుంది. సాయంత్రాలు గడ్డిలో నిలబడి దారం ఊపడం నేర్చుకునేవారు. దారం చెవులకు చుట్టుకునేది, టోపీ ఎగిరిపోయేది. యాంకో నవ్వేవాడు, మళ్ళీ చూపించేవాడు. ఒకనాడు సత్యానందం గారు తన గడ్డం గీసుకునే సామాను పెట్టెలోంచి పుంజు ఈకలు రెండు తీశారు. చెవి దురద పెడితే తిప్పుకోవడానికి అక్కగారు పెట్టెలో వేసిన ఈకలవి. యాంకో వాటిని వెలుగులో పెట్టి చూసి మురిసిపోయాడు. ఇద్దరూ కూర్చుని ఆ ఈకతో ఒక పురుగును కట్టారు. "మా చేపలు ఇండియా కోడిని ఎన్నడూ చూళ్ళేదు. నీకు అదృష్టం ఉంది," అన్నాడు యాంకో.

రాతి వంతెన కింద మడుగులో ఒక పెద్ద ట్రౌట్ ఉండేది. మోచెయ్యి దాటిన పొడవు. ఊరందరికీ తెలుసు, ఎవరికీ పడలేదు. ఒక ఆదివారం యాంకో తల్లిని చూడ్డానికి పక్క ఊరు వెళుతూ తన బద్దను మాకు ఇచ్చి వెళ్ళాడు. పొద్దుటినుంచీ సత్యానందం గారు వంతెన కింద నిలబడి ఈక విసురుతూనే ఉన్నారు. ఆ చేప పైకి వచ్చేది, ఈకను ముక్కుతో తాకినట్టే తాకేది, మెల్లగా తిరిగి వెళ్ళిపోయేది. వంతెన మీద ఆగి చూసిన వాళ్ళు నవ్వుతూ పోయేవారు. మధ్యాహ్నానికి ఆయన ముఖం నల్లబడింది. క్లబ్బులో పేపరు మడిచి లేచేటప్పటి ముఖం అది.

అప్పుడాయన గట్టెక్కి, పశువుల కొట్టం వెనక పేడకుప్ప దగ్గర రాయి ఒకటి దొర్లించారు. వేళ్ళతో మట్టి గోకి ఎర్రలు, అవే వానపాములు, తీశారు. మన కాలవ గట్ల మీద ఎవరైనా తీసేటట్టే. నాకేసి చూడకుండా అన్నారు: "మూర్తీ, రోడ్డు మీదికెళ్ళి నిలబడు. ఎవరన్నా వస్తుంటే దగ్గు."

వెళ్ళి నిలబడ్డాను. దగ్గే అవసరం రాలేదు. కిందినుంచి నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు, రాళ్ళమీద బూట్లు జారిన చప్పుడు వినబడ్డాయి. దిగి చూస్తే చేప ఒడ్డున గులకరాళ్ళ మీద ఉంది. చుక్కల రంగు అప్పుడే వెలిసిపోతోంది. ఆయన నీటి అంచున గొంతుక్కూర్చుని ఇసుకతో చేతులు రుద్దుకుంటున్నారు. ఎంతకీ ఆపరు.

సాయంత్రం యాంకో వచ్చి చేపను చూసి, సత్యానందం గారిని అమాంతం కౌగలించుకున్నాడు. ఏ ఈకకు పడిందని అడిగాడు. సత్యానందం గారు అరచెయ్యి తెరిచి ఆ పుంజు ఈక చూపించారు. నిజమేనా అన్నట్టు యాంకో నావైపు తిరిగాడు. నేను తలూపాను. యాంకో ఆ ఈక గాలాన్ని తనకిమ్మని అడిగి తీసుకుని టోపీకి గుచ్చుకున్నాడు. ఫోటో తీయించాడు. ఊరంతా చెప్పుకొచ్చాడు.

బెజవాడ వచ్చాక ఆ ఫోటో క్లబ్బులో చేతులు మారింది. కృష్ణాజిల్లా పుంజు ఈకతో తెల్లవాళ్ళ చేపను బోల్తా కొట్టించాడట అని జనం చెప్పుకున్నారు. సత్యానందం గారి బల్ల దగ్గరికి కుర్చీలు జరిగాయి. పేకాటకు నాలుగో మనిషి దొరికాడు. కొత్తగా ఎవరొచ్చినా ఆయన చేత ఆ కథ చెప్పించేవారు, చివర్లో నన్ను సాక్ష్యం అడిగేవారు. "ఔనండీ," అనేవాణ్ణి. మేమిద్దరం ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఆ ఊసే వచ్చేది కాదు. ఆయన నా రిపోర్టులు దిద్దడం మానలేదు. కానీ "చూశావా, ఊహించావా" అని అడగడం మానేశారు. అది నేను గమనించాను. గమనించానని ఆయనకూ తెలుసు.

కొన్నాళ్ళకు యాంకో బ్యారేజి చూడ్డానికి మన ఊరొచ్చాడు. రైలు దిగిన మనిషి నెత్తిన అదే టోపీ, టోపీకి అదే ఈక. ఆ రాత్రి క్లబ్బులో విందు. పెద్దలంతా వచ్చారు. ఆ చేప కథ మీరే చెప్పాలని యాంకోను బతిమాలారు. ఆయన లేచి, చేతులూపుతూ చెప్పాడు. తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోనే అందరినీ నవ్వించాడు. చివరికి ఇలా అన్నాడు: "మా సంఘంలో అందరూ ఇలాంటి ఈకే కట్టి చూశారు. ఎవరికీ ఒక్క చేపా పడలేదు. ఈకలో ఏమీ లేదు, ఆ చేతిలోనే ఉందని మావాళ్ళకి చెప్పాను."

చప్పట్లు కొడుతుండగా సత్యానందం గారు లేచి నిలబడ్డారు. కృతజ్ఞతలు చెబుతారనుకున్నారంతా.

"అది ఈకకు పడలేదు యాంకో," అన్నారు. "పొద్దుటినుంచీ విసిరినా పడలేదు. ఎర్రను వేసి పట్టాను. నీకు అబద్ధం చెప్పాను. ఇక్కడ వీళ్ళందరికీ కూడా అబద్ధమే చెప్పాను. నేనొక్కణ్ణే చేసిన పని." ఇంగ్లీషులో చెప్పి, మళ్ళీ అదంతా తెలుగులో చెప్పారు. ఎవరికీ అర్థం కాలేదనే వీలు లేకుండా.

అప్పుడు పక్క బల్ల దగ్గరి ఒక పెద్దాయన, గొంతు తగ్గించినట్టే తగ్గించి, అందరికీ వినబడేలా అన్నాడు: "ఎక్కడికెళ్ళినా బురద తవ్వుకునే బుద్ధి పోతుందా?" కొందరు నవ్వారు. ఏమన్నాడని యాంకో నన్ను అడిగాడు. ఏమీ లేదన్నాను. యాంకో టోపీ తీసి, ఈకను మెల్లగా ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. కోపం లేదు. కానీ ఆ రాత్రి మళ్ళీ ఆయన నవ్వు వినలేదు.

మర్నాడు సత్యానందం గారు మా ఇద్దరినీ జీపులో వాళ్ళ ఊరు తీసుకెళ్ళారు. ఆయన అన్నేళ్ళ సర్వీసులో తోటి ఉద్యోగిని ఆ ఇంటికి తీసుకెళ్ళడం అదే మొదలు. అక్కగారు మార్తమ్మ గారు వాకిట్లో మంచం వాల్చారు. ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, అరటి చెట్ల మొదట్లో తడి మట్టి తవ్వి ఎర్రలు తీశారు. వెదురు కర్ర, నూలుదారం, గాలం. ఇంటి వెనక పంటకాలవలో కూర్చుని చూస్తుండగానే జెల్ల చేపలు పట్టారు. "కూలి దొరకని నెలల్లో మా నాన్న ఇలా పడితేనే మాకు కూర," అని యాంకోకు చెప్పారు. మార్తమ్మ గారు పులుసు పెట్టారు. యాంకో చెమటలు కక్కుతూ తిన్నాడు. నేను మా ఇంటి ఆచారం చెప్పుకుని మజ్జిగ తాగాను.

తిన్నాక యాంకో కాలవకేసి చూస్తూ అన్నాడు: "మా వంతెనకు దిగువన పిండిమర ఉంది, గుర్తుందా? అక్కడినుంచి కిందికి ఎర్ర వెయ్యడానికి అభ్యంతరం లేదు. మా నాన్న కూడా అక్కడ ఎర్రతోనే పట్టేవాడు. నువ్వు అడిగితే నేనే తీసుకెళ్ళేవాణ్ణి కదా."

సత్యానందం గారు వెదురు కర్రకు దారం చుట్టబెట్టారు. "అడగాలంటే నాకీ పని వచ్చని నీకు చెప్పాలి," అన్నారు. "అక్కడే ఆగిపోయాను."

యాంకో ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ అలా కాలవ చూస్తూ కూర్చున్నారు. వాళ్ళిద్దరి మధ్య ఏదో తేలికపడింది. నేను కొంచెం అవతల, మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను.

తిరుగు దారిలో యాంకో ముందు సీట్లో నిద్రపోయాడు. "నా సంగతి కూడా చెప్పాల్సింది సార్," అన్నాను మెల్లగా. రోడ్డు మీద కాపలా నిలబడింది నేనేగా. ఆయన నావైపు తిరిగారు. గొంతులో నిష్ఠూరం లేదు. "నీది నువ్వు చెప్పుకోవాలయ్యా. నీ తరఫున నేనెలా చెబుతాను?" అన్నారు.

మరుసటి రోజు యాంకో రైలు. సత్యానందం గారు ఆయన కోసం మామిడిపళ్ళు తేవడానికి ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళారు. మేమిద్దరమే ఉన్నాం. యాంకో నన్ను సూటిగా అడిగాడు: "మూర్తీ, ఆ ఆదివారం నువ్వెక్కడున్నావు?"

ముందు రాత్రంతా ఈ మాట కోసమే సిద్ధపడ్డాను. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం వేరు. "గదిలో నిద్రపోయాను. జ్వరంగా ఉండింది," అన్నాను.

యాంకో ముఖం విప్పారింది. "అయితే నీకు తెలియదన్నమాట, ఆయన మాట నమ్మే తలూపావు. నువ్వు కూడా నాకు అబద్ధం చెప్పావేమోనని రెండు రోజులుగా బాధపడుతున్నాను," అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. ఆయన భుజం మీదుగా చూస్తే సత్యానందం గారు పళ్ళబుట్టతో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో. అంతా విన్నారని ఆయన కళ్ళు చూస్తేనే తెలిసింది. బుట్ట రైల్లో పెట్టారు, యాంకోకు వీడ్కోలు చెప్పారు. రైలు వెళ్ళాక, "పద, ఆఫీసుకు టైమైంది," అన్నారు.

ఆ తరువాత చాలా ఏళ్ళు ఆయన కింద పనిచేశాను. క్లబ్బులో మళ్ళీ మూల బల్ల దగ్గర ఒంటరిగా కూర్చునేవారు. వెనక నుంచి "ఎర్రల సారు" అని పిలిచేవాళ్ళు. వింటూనే పేపరు చదివేవారు. లేచి పోయే తొందర మాత్రం ఇక కనిపించేది కాదు. నా రిపోర్టుల మీద "చూశావా, ఊహించావా" అన్న ప్రశ్న తిరిగి వచ్చింది. స్టేషన్లో విన్న మాట ఆయన ఒక్కనాడూ ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. నన్ను తక్కువ చేసి చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. తిడితే ఆ మాట ఇద్దరిదీ అయ్యేది. ఆయన దాన్ని నాకే వదిలేశారు. యాంకో పోయాడన్న కబురు ముందు తెలిసింది, సత్యానందం గారు తరువాత పోయారు. నాకు జ్వరం రాలేదని చెప్పుకోవడానికి ఇక వాళ్ళిద్దరిలో ఎవరూ లేరు.