మా అప్ప వేసిన హిమాలయాల దారి

మా అప్ప ఇక లేదు. మా వైపు అక్కని అప్ప అంటాం. పోయిన సోమవారం ఉదయం కంచరపాలెంలో తన కొట్టు తీసి, కుట్టు మిషన్ ముందు కూర్చుని, టీ తాగి, గ్లాసు కింద పెట్టి గోడకి ఒరిగిందట. ఎదురు కొట్టాయన పలకరిస్తే పలకలేదు. ఆసుపత్రికి చేర్చేసరికే గుండె ఆగిపోయింది. నేను స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులో ఉండగా బావ ఫోన్ చేశాడు. "మీ అప్ప మరి నేదురా" అన్నాడు. 

నేను వెళ్లేసరికి రైలు పట్టాల పక్కనున్న ఆ సందు మనుషులతో నిండిపోయింది. అందులో సగం మంది నాకు తెలియదు. తెలియనివాళ్లు నా చెయ్యి పట్టుకుని, "గుంటని హిమాలయాలకి తీసికెల్లినామె ఈమే కదా?" అని అడుగుతున్నారు. గుంటంటే ఆడపిల్ల, మా అమ్మాయి. ఏడుస్తూనే తల ఊపాను. ఆ మాట విన్నప్పుడల్లా, అంత దుఃఖంలోనూ, నా వెన్ను కాస్త నిటారుగా అయ్యేది. ఆ ప్రయాణం సంగతి మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది సబ్బవరం దగ్గర పల్లె. అప్ప పెళ్లయి కంచరపాలెం వచ్చాక వాళ్ల మామగారి దగ్గర పని నేర్చుకుంది. పోర్టుకి వచ్చే లారీలకి టార్పాలిన్లు, ఆటోలకి హుడ్లు, సీటు కవర్లు కుట్టేది. బావ పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. కొట్టు మాత్రం మొదటినుంచీ ఆమెదే. ఏది కుట్టినా ఒక కొస వచ్చినవాడి చేతిలో పెట్టి, రెండో కొస తను పట్టుకుని "లాగు" అనేది. ఎంత బలమైన లారీ డ్రైవరైనా మొహమాటంగా లాగేవాడు. "సరిగ్గా లాగు బాబూ, రేపు గాలి నీలాగ మొగమాటపడదు" అనేది. కుట్టు ఆగితేనే సరుకు ఇచ్చేది.

మా అమ్మాయికి పుట్టుకతోనే కాళ్లలో పట్టు లేదు. చక్రాల కుర్చీలోనే బడికి వెళ్తుంది. అడవి జంతువులంటే దానికి పిచ్చి. ఏ జంతువు ఏ అడవిలో ఉంటుందో, ఏం తింటుందో, అడిగినా అడగకపోయినా చెబుతుంది. కానీ మా కుటుంబం ఎక్కడికి బయల్దేరినా, అది అరకైనా, అన్నవరమైనా, నేనో మా ఆవిడో ఒకరం దానితో ఇంట్లో ఉండిపోయేవాళ్లం. అది అలవాటైపోయి, ఎవరమూ ఆ సంగతి మాట్లాడుకునేవాళ్లం కాదు.

అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం అప్ప ఇంట్లో భోజనాలు చేస్తున్నాం. బావ బద్రీనాథ్ యాత్ర మాట ఎత్తాడు. ఎవరెవరు వెళ్లాలో చెబుతూ, నన్ను అమ్మాయి దగ్గర ఉండమని తనే తేల్చేశాడు. అమ్మాయి ఫోన్‌లో ఒక బొమ్మ తీసి అప్పకి చూపించింది.

"ఇది కూడా హిమాలయాల కిందే ఉంటుంది అత్తా. ఒంటికొమ్ము ఖడ్గమృగం."

అప్ప కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని చూసింది. "దీన్ని సూడ్డానికి కొండెక్కాలేటే?"

"లేదు. అడవిలోకి జీపులో తీసుకెళ్తారు."

"జీపులో కూకుంటే సాలా?"

"చాలు."

"అయితే అందరం ఎల్దాం" అంది అప్ప, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

బావ కంచం మీంచి తలెత్తాడు. "దేవుడి దగ్గరికెల్దామంటే జంతువుల దగ్గరికంటావేటే?"

"దేవుడు మనకి సింహాచలంలోనే ఉన్నాడు. మంచుకొండ ఇక్కడున్నాదేటి?"

"కడ్గమురుగం జూలో ఉంటాది కదే!"

"బోనులోది కాదు మామయ్యా, అడవిలోది" అంది మా అమ్మాయి. బావ ఇద్దరివైపూ చూసి, పెరుగు వేయమన్నాడు.

మర్నాడే అప్ప నన్ను వెంటబెట్టుకుని ఒక ట్రావెల్స్ ఆఫీసుకి వెళ్లింది. అక్కడి కుర్రాయన మర్యాదస్తుడే. అంతా విని, "పాపని ఎవరి దగ్గరైనా ఉంచండమ్మా, కొండ ప్రాంతం, కుదరదు. మిగతావాళ్లకి బాగా చూపిస్తాం" అన్నాడు. నేను లేవబోయాను. అప్ప కదల్లేదు.

"నువ్వు మా మంచికే సెప్తన్నావ్ బాబూ. కానీ కుదర్దన్నోడు ఎక్కడ కుదర్దో కూడా సెప్పాల. ఎక్కడ?"

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. రైలు ఎక్కడం దిగడం కష్టమన్నాడు. జీపు మెట్టు ఎత్తుగా ఉంటుందన్నాడు. హోటళ్లలో మెట్లుంటాయి, బాత్రూమ్ తలుపులు ఇరుకు అన్నాడు. "అంతేనా?" అంది అప్ప. ఆ "అంతేనా"కి ఆయనే నవ్వేశాడు. ఆ రోజునుంచీ ఆయన కూడా మా పక్షమే అయిపోయాడు.

ఆ తర్వాత మూడు నెలలు మా ఇంట్లో వేరే మాట లేదు. లడఖ్ అన్నారెవరో. అక్కడ గాలి పలచన, బావకి బీపీ, వద్దంది అప్ప. విశాఖ నుంచి రైలు మారకుండా న్యూ జల్పాయిగురి వెళ్లొచ్చని మా ఆవిడ కనిపెట్టింది. అక్కడికి దగ్గరే గడ్డి మైదానాల అడవి, పైన డార్జిలింగ్. వానల్లో అడవి మూసేస్తారు, మంచుకొండ కనపడాలంటే ఆకాశం తెరిపిగా ఉండాలి, కాబట్టి కార్తీకంలో వెళ్లాలని అమ్మాయి చెప్పింది. "కార్తీకంలో గుడికెల్లకుండా అడివికేటి?" అని బావ మళ్లీ గొణిగాడు. "కార్తీకంలో వనబోజనాలకి ఎల్రా మరి? ఇదీ వనమే" అంది అప్ప.

హోటళ్లకి ఫోన్లు తనే చేసేది. లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న హిందీ ఆమెది. "భయ్యా, బాత్రూమ్ దర్వాజా కిత్నా చౌడా? అందాజా నై, టేపు పెట్కే బోలో" అనేది, తలుపు వెడల్పు అంచనాగా కాదు, టేపుతో కొలిచి చెప్పమని. కొందరు ఫోన్ పెట్టేసేవారు. ఒకతను మాత్రం నిజంగానే తలుపుకి టేపు అడ్డంగా పెట్టి ఫొటో తీసి పంపాడు. ఆ ఫొటో చూసి అప్ప, "ఇతను మనోడు. ఇక్కడే దిగుదాం" అంది.

ఇక జీపు సంగతి. టార్పాలిన్ గుడ్డని రెండు మడతలు వేసి, నడుముకీ తొడల కిందకీ ఆనేలా ఒక బుట్ట కుర్చీలాంటిది కుట్టింది. నాలుగు మూలలా లావుపాటి నైలాన్ పట్టీలు పెట్టింది. ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే మనిషి కూర్చున్న భంగిమలోనే పైకి లేస్తుంది. మొదట బావనే అందులో కూర్చోబెట్టి, నేనూ ఆమే ఎత్తాం. "ఒలే, వదిలేత్తావే!" అని బావ అరుస్తుంటే సందంతా బయటికొచ్చింది. "నీ బరువుకి ఆగినాదంటే గుంట బరువుకి ఆగుద్ది" అని బావని దించింది.

తర్వాత పక్కింటి వాళ్ల జీపు సందులో పెట్టించి అమ్మాయితో అలవాటు చేశాం. మొదటిసారి అప్పా నేనూ చెరోవైపు పట్టీలు అందుకుని చటుక్కున లేపాం. అమ్మాయి ముఖం ఎర్రబడింది.

"దించండి" అంది.

దించాం.

"నేను బస్తాని కాదు. ఎత్తేముందు నన్నడగాలి."

 అప్ప దానికెదురుగా గొంతుక్కూర్చుంది. "నిజవే. అడగాల. ఎత్తమంటావా?"

"ఇప్పుడు ఎత్తండి."

అది మొదలు, ఊళ్లోనైనా కొండమీదైనా, ఆ పట్టీ మీద చెయ్యి వేసిన ప్రతిసారీ అప్ప అడిగేది. ఎంత తొందరలో ఉన్నా సరే. జవాబు వచ్చేదాకా ఆగేది.

అలా ఆ కార్తీకంలో మేం ఐదుగురం బయల్దేరాం. మా పెళ్లయ్యాక నేనూ మా ఆవిడా కలిసి, అమ్మాయిని తీసుకుని చేసిన మొదటి దూర ప్రయాణం అదే. రైలు కిటికీ దగ్గర మా ఆవిడ ఊరికే నవ్వుతూ కూర్చోవడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

అడవిలో మొదటి ఉదయం పొగమంచు తప్ప ఏమీ కనిపించలేదు. పైకప్పు లేని జీపులో చలికి వణుకుతూ తిరిగి తిరిగి వచ్చాం. "బద్రీనాథ్ ఎల్లుంటే కనీసం దేవుడైనా కనిపించేవోడు" అన్నాడు బావ.  ఇంత చేసి, ఇంత దూరం వచ్చి, ఖడ్గమృగాన్ని చూడకుండా వెనక్కి వెళ్తే ఎలా అనుకున్నాను నేను. అమ్మాయి మాత్రం, "అడవి అంటే అంతే మామయ్యా. వాటికిష్టమైతే వస్తాయి" అంది. సాయంత్రం జీపుకి మళ్లీ బయల్దేరాం. డ్రైవరు సాయం పట్టబోతే, "పహలే పూఛో", ముందు అడుగు అని అప్ప మా అమ్మాయిని చూపించింది. ఆయన ఒక్క క్షణం తికమకపడి, అమ్మాయిని హిందీలో అడిగాడు. అది దర్జాగా సరేనంది.

ఎండ వాలుతుండగా వాగు మలుపు దగ్గర మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా నొక్కింది. మనిషెత్తు ఏనుగు గడ్డి పక్కకి జరిగి, బూడిదరంగు కొండ ఒకటి నడిచొచ్చినట్టు ఖడ్గమృగం బయటికొచ్చింది. మమ్మల్ని పట్టించుకోలేదు. నీళ్లలో ముందు కాళ్లు పెట్టి, తాపీగా తాగింది. బావ నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. దాని భుజం మీద, తొడ మీద చర్మం మడతలు పడి, ముక్కలు ముక్కలుగా అతికినట్టుంది. అప్ప ముందుకి వంగి, గుసగుసగా అంది.

"సూడవే, దాని ఒంటిమీద కుట్లు. ఎవడు కుట్టినాడో గానీ, గట్టిగా కుట్టినాడు."

మా అమ్మాయి నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది. దాని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నవ్వుకో, దేనికో, నేనడగలేదు. ఇప్పటికీ ఖడ్గమృగం అంటే నాకు అప్ప మెచ్చుకున్న కుట్లే గుర్తొస్తాయి.

అన్నీ కుదిరాయని చెప్పను. డార్జిలింగ్ జూలో ఎర్ర పాండా చూడాలని అమ్మాయికి ఎంతో ఆశ. దారంతా ఎత్తు. సగం ఎక్కాక అది "వద్దు" అంది. అప్ప తన అలవాటు ప్రకారం, "ఎక్కడ కుదర్దు, సెప్పు" అంది. "నాకు ఓపిక లేదత్తా. అది కూడా కారణమే" అంది అమ్మాయి. అప్ప "అవును, అదీ కారణవే" అని కుర్చీ వెనక్కి తిప్పింది. కింద కూర్చుని అందరం వేడి మోమోలు తిన్నాం. మర్నాడు పొద్దున్న హోటల్ ముందు రోడ్డు మీద నిలబడితే కాంచనజంగ తెల్లగా, ఆకాశమంత వెడల్పున కనిపించింది. బావ చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. ఆ తర్వాత బద్రీనాథ్ ఊసెత్తలేదు.

తిరిగొచ్చాక ఆ సంగతి సందు దాటింది. నడవలేని అమ్మ ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చిన తండ్రి ఉన్నవాళ్లు కొట్టుకి వచ్చేవారు. అప్ప అలాంటి కుర్చీలు కుట్టిచ్చేది. కుట్టి ఇవ్వడంతో సరిపెట్టకుండా, ఎక్కడికెళ్తున్నారో అడిగి, ఫోన్ చేసి తలుపులు కొలవడం నేర్పేది. "ఎత్తేముందు అడగాల" అని ప్రతి ఒక్కరికీ చెప్పి పంపేది. మొన్న అప్ప ఆఖరి చూపుకి వచ్చినవాళ్లలో ఫిషింగ్ హార్బర్ నుంచి ఒకతను ఉన్నాడు. "మాయమ్మని మళ్లీ పడవెక్కించినామండి. ఆమె దయే" అన్నాడు. నేను చదివిన చదువుకీ, చేసిన ఉద్యోగానికీ నా గురించి అలా ఎవరూ చెప్పలేదు. ఆమె తమ్ముణ్ని అనిపించుకోవడం నాకు చాలు.

ఇది రాస్తున్నానని తెలిసి మా అమ్మాయి ఒక్క మాట అంది. "నాన్నా, అత్త నన్ను ఎత్తుకుని తీసుకెళ్లిందని రాయకు. అడిగి తీసుకెళ్లిందని రాయి."

రాశాను.

కొండ దిగుతున్న రోజు, ఒక మలుపు దగ్గర మేఘం రోడ్డుకి అడ్డంగా వచ్చింది. డ్రైవరు లైట్లు వేసి బండి ఆపాడు. ముందు సీట్లో ఉన్న అప్ప అద్దం దించి చెయ్యి బయటికి చాపింది. తెల్లటి పొగలాంటి ఆ మేఘాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, గుడ్డ మందం చూసినట్టు నెమ్మదిగా నలిపింది.

"ఏటే, ఎలాగున్నాది?" అని వెనకనుంచి బావ అడిగాడు.

"పల్చగుంది" అంది అప్ప. మేఘం దాటిపోయేదాకా చెయ్యి లోపలికి తీసుకోలేదు.