ఆయుధపూజ నాటి కంపైలింగ్

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. ఆ ఏడు దసరాకు ముందు షావుకారు వచ్చి ఒక మాట చెప్పి పోయాడు. కొత్త అంచుకు డిజైన్ కావాలి, అదీ కంప్యూటర్లో చేసింది కావాలి. పండుగనాడు పొద్దున్నే వచ్చి చూస్తాడు, నచ్చితేనే మళ్ళీ నేయడానికి పట్టు ఇస్తాడు. పట్టు రాకపోతే మగ్గం ఖాళీ. ఇంట్లో కంప్యూటర్ ఉంది కాబట్టి నేను "చేస్తాలే నాయనా" అనేశాను. కంప్యూటర్ ఉండటం వేరు, చేయగలగడం వేరు అని నాకప్పటికి ఎవరూ చెప్పలేదు.

గళ్ళలో అంచు గీసే ప్రోగ్రాము ఒకటి, పత్రికతో పాటు వచ్చిన సీడీలో దొరికింది. తీరా చూస్తే అది తయారుగా లేదు. సోర్స్ కోడు మాత్రమే ఉంది, మనమే కంపైల్ చేసుకుని దాన్ని ప్రోగ్రాముగా మార్చుకోవాలి. చీర కొందామని పోతే పట్టుగూళ్ళ బుట్ట చేతికిచ్చినట్టుంది.

సూచనల్లో ఉన్నట్టే కమాండ్ కొట్టాను. ఫలానా లైబ్రరీ, అంటే ఈ ప్రోగ్రాము వాడుకునే ఇంకెవరిదో కోడు, లేదంది. అది నా దగ్గర ఎందుకుండాలో నాకు తెలియలేదు. మా ఊరి ఇంటర్నెట్ సెంటర్లో వైరస్ భయంతో ఫ్లాపీ పెట్టనివ్వరు. ప్యాసింజర్ ఎక్కి హిందూపురం పోయి, మామ కొడుకు సెంటర్లో ఆ లైబ్రరీని మూడు ఫ్లాపీల్లోకి ఎక్కించుకొచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ఆ లైబ్రరీకి ఇంకో లైబ్రరీ కావాలట. మళ్ళీ పోయాను. ఆ దఫా పెనుకొండలో రైలు క్రాసింగ్ కోసం ఆగితే, ఎర్రర్లు రాసుకున్న కాగితం తీసి చదువుకుంటున్నాను.

"ఏమబ్బా, జాతకమా?" అన్నాడు పక్కాయన.

"ఔనన్నా. బాగలేదు."

మూడో ప్రయాణం తర్వాత ఏం మారిందో నాకిప్పటికీ తెలియదు, ఎర్రర్ మాత్రం రాలేదు. మహర్నవమి పొద్దున ఐదింటికి మొదలుపెడితే తెర మీద అక్షరాలు పైకి పోతూనే ఉన్నాయి. మధ్యమధ్యలో వార్నింగులు. భయపడాలో వద్దో తెలియక ప్రతిదానికీ కొంచెం కొంచెం భయపడ్డాను.

ఆ రోజే ఆయుధపూజ. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి ఆపేస్తాం. ఇంట్లో ఏ పనిముట్టూ ఆ రోజు పని చేయకూడదు. నాయన మగ్గానికి, కత్తెరకు, సైకిలుకు బొట్లు పెట్టి కంప్యూటర్ దగ్గరికొచ్చాడు.

"ఏం రా, ఇది పని చేస్తాండాదే?"

"నేనేం చేయలేదు నాయనా. అదే చేసుకుంటాండాది."

"మనిషి ముట్టుకోకుండా పనిముట్టు పని చేసేదేంది? అది ఇంకా తప్పు. ఆపు."

"ఆపితే పొద్దన్నించి చేసిందంతా పోతాది! రేపు షావుకారుకు ఏం చూపిస్తాం?"

"బొట్టు పెట్టినాక పని చేయకూడదు గానీ, ఇంకా పెట్టలేదు గదా!" అని వంటింట్లోంచి అమ్మ లా పాయింట్ తీసింది. ఆ మాట పూర్తయ్యేలోపే నాయన మానిటర్‌కు బొట్టు పెట్టి, గోడ మీది స్విచ్ ఆపేశాడు.

సర్వం కోల్పోయినవాడిలా కాసేపు కూర్చున్నాను. తర్వాత ఓళిగలు తిన్నాను. రెండోదానికి దుఃఖం తగ్గింది. నాలుగోదానికి దేని గురించో గుర్తు రాలేదు.

మధ్యాహ్నం చూస్తే నాయన గ్రాఫు కాగితం, నా పెన్సిలు పట్టుకుని మెట్ల మీద కూర్చునున్నాడు.

"ఈపొద్దు పనిముట్టు ముట్టకూడదంటివే?"

"పెన్సిలు నీది. దాంతో నువ్వు పని చేసేది నేనెప్పుడూ చూల్లేదు."

చీకటి పడేలోపు ఒక్కో గడీ నింపుతూ మామిడి పిందెల అంచు పూర్తి చేశాడు.

మరునాడు పండుగ పొద్దున్నే లేచి, మళ్ళీ మొదటి నుంచీ తప్పదనుకుంటూ అదే కమాండ్ కొట్టాను. అది ఆగిన చోటి నుంచే సాగింది. నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"దాంట్లో వింతేముండాది రా? మగ్గమూ ఆపిన కాణ్ణించే గదా నేసేది," అన్నాడు నాయన.

గంటలో ప్రోగ్రాము తెరుచుకుంది. తెర నిండా ఖాళీ గళ్ళు. ఎక్కడ నొక్కితే నిండుతాయో వెతుకుతుండగానే షావుకారు వచ్చేశాడు.

నాయన కాగితం చేతికిచ్చాడు. షావుకారు దాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. తెర మీది గళ్ళ వైపు ఒకసారి చూశాడు.

"దాంట్లో చేసి కాగితం మీదికి ఎత్తినారా? అందుకేనప్పా నేను కంప్యూటర్ కంప్యూటర్ అని మొత్తుకునేది. ఉత్త చేత్తో గీస్తే ఇంత సాపుగా, నీటుగా వస్తాదా?"

నేను నోరు తెరవబోయాను. నాయన నా వైపు చూడనే లేదు.

"పట్టు ఎప్పుడు పంపిస్తావన్నా?"

"ఎల్లుండి," అన్నాడు షావుకారు. పోతూ పోతూ నా భుజం తట్టాడు. ఎందుకు తట్టాడో అర్థమైంది. అప్పుడు నేను ఏ ముఖం పెట్టుకోవాలో మాత్రం అర్థం కాలేదు.