రెండు గుర్తులు

పది పాసైనవాళ్లకే స్టోర్‌లో డ్యూటీ అన్నారు కంపెనీవాళ్లు. మిగతావాళ్లం గల్ఫ్‌లో ఈ సిత్రా ఎండలో పైపులు మోయాల్సిందే. ఓపెన్ టెన్త్‌లో నాకు లెక్కలు ఒక్కటే మిగిలాయి. సెలవు మీద ఊరికి వెళ్లి మళ్లీ రాయడానికి ఇంకా నెల ఉంది.

పోయినసారి తప్పడానికి కారణం మా రూములో పై మంచం అన్న. కాకినాడ వైపు ఆయన, డిగ్రీ చదివాడు. అసమీకరణాలు నాకు ఆయనే చెప్పాడు: “అంకె అవతలికెళ్తే గుర్తు మారిపోద్ది, అంతే.” అలాగే మార్చాను. x + 5 > 12 అని ఇస్తే ఐదును అవతలికి పంపి, మధ్యలో ఉన్న > ను < చేశాను. x < 7. పేపర్లో అలాంటివన్నీ అలాగే చేసి వచ్చాను. తప్పానని తెలిసిన రోజు అందరి ముందూ, “నీకు చెప్పేకంటే గోడకి చెప్పడం నయంరా” అన్నాడు. రూములో ఆరుగురు నవ్వారు. ఎవరు ముందు నవ్వారో కూడా చెప్పగలను.

ఈ శుక్రవారం పొద్దున బట్టలు నానబెట్టి, బయట గట్టు మీద గైడు తెరిచాను. అదే లెక్క. ఊరికే x బదులు ఒకటి పెట్టి చూశాను. ఆరు వచ్చింది. ఆరు పన్నెండు కంటే పెద్దదా? పది పెట్టాను. పదిహేను! సరిపోయింది. నా జవాబు ప్రకారం పది రానే రాకూడదు. మారాల్సింది > కాదు, ఐదు ముందున్న ప్లస్. గుర్తులు రెండు, పేరే ఒకటి! పేజీ తిప్పితే > ఎప్పుడు తిరుగుతుందో కూడా ఉంది: రెండు వైపులా మైనస్ అంకెతో గుణించినా, భాగించినా.

గైడు పట్టుకుని రూములోకి పరిగెత్తాను. అన్న చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

“ఏ గుర్తు మారుతదో చెప్పినవా అన్నా నాకు?”

“ఏ గుర్తేంట్రా? గుర్తంటే గుర్తే.”

ఆ ఆరుగురూ చూస్తుండగా 5 − 2x > 11 రాసిచ్చాను. నిలబడే చేసి, x > −3 అని పెన్ను నా చేతిలో పెట్టాడు. సున్నా పెట్టి చూడమన్నాను. ఐదు పదకొండు కంటే పెద్దది కాలేదు. మైనస్ నాలుగు పెట్టమన్నాను. పదమూడు వచ్చింది. ఆయన పెన్ను మళ్లీ తీసుకుని మధ్య గుర్తు కొట్టేశాడు.

“తిరగాలిరా ఇది,” అన్నాడు మెల్లగా.

మధ్యాహ్నంలోపు గైడులో ఆ పాఠమంతా చేశాను. జవాబులు ఆయనే సరిచూశాడు, ఒక్కటీ తప్పలేదు. సారీ మాత్రం చెప్పలేదు. అది నేను మర్చిపోను. కానీ పరీక్షకు ఇంకా నెల ఆగాలంటే మొదటిసారి విసుగొచ్చింది.