రాని బండికి నిమ్మకాయలు తొక్కించిన సైదులు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవి. నరసరావుపేటలో ఒక కల్యాణ మండపం అద్దెకు తీసుకుని, గుడ్డ కప్పిన చిన్న బండినొకదాన్ని లోపల పెట్టించాం. నాలుగు చక్రాల సరుకుల బండి. ఆటో కంటే కాస్త పెద్దది, ధర మాత్రం దాదాపు ఆటో ధరే. బజార్లోకి దించేముందు జనం కొంటారో లేదో తేల్చి చెప్పమని, దాన్ని తయారుచేసే కంపెనీ మా సంస్థకు అప్పజెప్పింది. దీన్ని ప్రొడక్ట్ క్లినిక్ అంటారు. పేరు చూసి డాక్టర్లుంటారనుకునేరు! కంపెనీ గుర్తు పీకేసిన నమూనా బండిని చూపించి, ఎక్కించి, మనసులో ఏముందో రాబట్టే నాలాంటి వాగుడుకాయలుంటారు, అంతే.

అలా మేం పిలిపించినవాళ్లలో ఒకడు సైదులు, మాచర్ల వైపు నాపరాయి క్వారీలో పనిచేసేవాడు. నలభై దాటలేదు గానీ నాలుగు మాటలు మాట్లాడితే దగ్గు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరిందని, ఆ పని మానకపోతే దక్కడని డాక్టర్ చెప్పేశాడట. ఇలాంటి బండి ఒకటి దొరికితే ఊళ్లమ్మట కూరగాయలు అమ్ముకుని బతకొచ్చని అతని ఆశ. భార్య కోటమ్మను కూడా వెంటబెట్టుకొచ్చాడు.

గుడ్డ తీయగానే కోటమ్మ కొంగు ముడి విప్పి, నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెట్టింది.

"ఏందమ్మా ఇది? ఇది అమ్మే బండి కాదు, చూడ్డానికి పెట్టింది," అన్నాను.

"తెలుసు మేడమ్. మొదటిసారి ఎక్కుతున్నాడు గదా, దిష్టి తగలగూడదు."

మావాళ్లు నవ్వుకుంటూ బండిని కాస్త ముందుకు తోశారు. నిమ్మకాయలు చితికాక సైదులు స్టీరింగ్‌కి దణ్ణం పెట్టుకుని ఎక్కాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది.

తర్వాత ప్రశ్నలు. ఇల్లు, సంపాదన, పిల్లల చదువు అన్నీ అడుగుతాం. చివర్న పర్చేజ్ ఇంటెంట్, అంటే కొనే ఉద్దేశం ఏపాటిదో పట్టి చూసే ప్రశ్న. అన్నిటికీ చేతులు కట్టుకుని జవాబు చెప్పాడు. కొంటారా అంటే "తప్పకుండా" అన్నాడు. లేవబోతూ నెమ్మదిగా అడిగాడు.

"మా పేరు ఎక్కినట్టేనా మేడమ్?"

"ఇది ఉత్త సర్వే అన్నా. పేర్లు ఎక్కడం లాంటిదేమీ లేదు."

"మీరట్టాగే అనాల్లే," అని నవ్వి వెళ్లిపోయాడు.

అతను అనుకున్నదాంట్లో వింతేముంది? మా వైపు ఎవరైనా వచ్చి ఇంటి వివరాలు అడిగారంటే, ఆ తర్వాత ఇల్లో పింఛనో వస్తుంది. సర్వే అంటే ఎంపిక. పైకి చెప్పరు, అంతే. తనూ బండికి ఎంపికయ్యానని నమ్మాడు సైదులు. క్వారీ పని వదిలేసి, ఆ చోటు బావమరిదికి ఇప్పించాడు. బండి ఎప్పుడొస్తదని నాకు ఫోన్లు చేసేవాడు. ఇంకా తేలలేదన్నా, పని వదులుకోవద్దన్నా అంటే వినేవాడు కాదు.

జనానికి బండి చానా నచ్చిందని రిపోర్ట్ ఇచ్చాం. కంపెనీ మాత్రం మానేసింది. నచ్చినవాళ్లలో ఎక్కువమందికి బ్యాంకులు లోన్ ఇవ్వవట, అందుకని వాళ్ల కోరిక గిరాకీ కిందికి రాదట. ఒళ్లు మండిపోయింది నాకు. ఆ మాట ముందే తెలిస్తే ఈ మనుషుల్ని ఎందుకు పిలిచినట్టు?

బండి రావట్లేదని సైదులుకు ఫోన్‌లో చెప్పాను. "నా దగ్గు చూసి పేరు కొట్టేశారా మేడమ్?" అన్నాడు.

కాదని ఎన్ని విధాలుగానో చెప్పాను. ఇల్లు గడవక మళ్లీ ఆ దుమ్ములోకే వెళ్లాడు.

మరుసటి ఏడు పని మీద మాచర్ల వెళ్లి, వాళ్లింటికి పోయాను. మంచం మీద ఉన్నాడు. కోటమ్మ నన్ను పక్కకు పిలిచి, "తప్పంతా తనదేనంటాడు. మీరన్నా చెప్పండి," అని కళ్లు తుడుచుకుంది.

మంచం పక్కన కూర్చున్నాను. "ఆ బండి ఎవరికీ రాలేదన్నా. అసలు తయారే కాలేదు."

ఓపిక తెచ్చుకుని తలూపాడు. "పోన్లే మేడమ్. మళ్లీ సర్వే పెడితే పిలవండి. ఈసారి బాగా చెప్తా."

అప్పట్నించీ ఏ క్లినిక్‌లోనైనా గుడ్డ తీయకముందే చెప్పేస్తున్నాను, ఈ బండి రాకపోవచ్చని, ఎవరి పేరూ ఎక్కించడం లేదని. కొందరు లేచి వెళ్లిపోతారు. ఆఫీసువాళ్లు సణుగుతారు, సణగనీ. అడిగారంటే ఇస్తారని నమ్మే మనుషుల్ని ఊరికే అడగడం కుదరదని సైదులు మంచం పక్కన నాకు తెలిసొచ్చింది.