మేటు మామ చెవి

మంగళవారం, పొద్దున పది గంటల పది నిమిషాలు. ఎండకాలం, పోలీసు యాక్షన్ అయిన ఏడేండ్లకు. నిమిషాలతో సహా ఎట్ల యాదికున్నదంటే, రైల్వే ఇనిస్పెక్టరు చేతిగడియారం చూసి కాగితం మీద అన్నిటికన్న ముందు రాసింది అదే. నేను నా అంతల నేను సదివిన మొదటి సర్కారు కాగితం గూడ అదే. మొన్న వికారాబాద్‌ల బండెక్కి తాండూరు పోతుంటే, ధారూరు దాటినంక పట్టాల పని చేసేటోళ్ళు కనవడ్డరు. వాళ్ళకు శానా దూరంల ఎర్రజెండా పట్టుకొని ఒకాయన ఒక్కడే నిలబడ్డడు. కిటికీలకెళ్ళి చెయ్యి ఊపిన. ఆయన ఊపలే. నేను ఆడ నిలబడ్డప్పుడు నాకూ ఎవ్వరి దిక్కు చెయ్యి ఊపబుద్ధి కాలే.

మా గ్యాంగుల ఏడుగురం. గ్యాంగుకు పెద్ద, మేటు, నా పెండ్లాము మేనమామ. గొర్లు కాసుకునే నన్ను తీస్కపోయి పట్టాల పనిల పెట్టింది ఆయననే. పట్టా లేపే ముందు, బండొస్తున్నదేమో ఇననీకె మామ వంగి, ఇనుము మీద చెవి పెట్టేటోడు. కండ్లు మూసుకొని, పసిపిల్ల పండుకున్నట్టు. మేమందరం ఊపిరి పట్టుకొని చూసేటోళ్ళం. "లేపుండ్రి" అంటే లేపుడే. వేరే గ్యాంగులోళ్ళు చాయ్ దుకాణంల కలిస్తే, "మీకు జెండాలు గావాలె, మాకు మామ ఉన్నడు" అని మీసం తిప్పేటోళ్ళం. నైజాం పోయిండు, ఆఫీసర్లు మారిన్రు, టోపీలు మారినయ్. మామ చెవి మాత్రం మారలే. అదే మా ఇజ్జత్.

గంతల కొత్త ఇనిస్పెక్టరు వచ్చిండు. పట్టా లేపినప్పుడల్లా బండొచ్చే దిక్కు ఒకడు జెండాతోని దూరం పోయి నిలబడాలె అన్నడు. సదువొచ్చినోడు ఎవడని అడిగితే అందరు నన్ను చూపెట్టిన్రు. ముప్పై ఏండ్లకు, నా బిడ్డ ఒకటో తరగతిల పడ్డప్పుడు, ఆమె పలక మీద ఆమెతోపాటే నేర్చుకున్న అచ్చరాలవి. గట్ల జెండా నా నెత్తికొచ్చింది. మా గ్యాంగుల పరిగి బావ ఆగుతడా? "పెండ్లికొడుకు లెక్కున్నవ్‌ర, బారాతు ఎప్పుడు?" అన్నడు. దినమంత దూరంల నిలబడితే వాళ్ళ నవ్వు నాదంక వచ్చేది, ఎందుకు నవ్వుతున్నరో వచ్చేది కాదు. కొన్ని దినాలకు సిగ్గయి జెండా చుట్టి సంకల పెట్టుకున్న.

ఒక దినం మామ చెవి పెట్టి "లేపుండ్రి" అన్నడంట. పట్టా లేచింది. మలుపు కాడ చెట్ల మీద నాకు పొగ కనవడ్డది. జెండా ఇప్పి బండికి ఎదురుంగ ఉరికిన. గూడ్సు బండి ఆగింది. నేను తిరిగొస్తే, బావ అందరిట్ల అన్నడు: "చూసిన్రా, మామ ఇని ఈన్ని పంపిండు." మజాక్ అనుకున్న. ఎవ్వడు నవ్వలే. పొద్దు గూకేటాళ్ళకు అందరికీ అదే నిజమైపోయింది. ఒకాయన మెల్లగ చెప్తే అప్పుడు తెలిసింది నాకు. మామకు చెవులు పోయి రెండేండ్లాయె. మామ వంగినప్పుడు బావ పక్కన నిలబడి తాను ఇంటడు, బండుంటే కాలితోని మామను తాకుతడు. ఆ దినం బావ నీళ్ళకు పోయిండు. నాకు తప్ప అందరికీ ఎరుకే. అయినా మామకు ఇనవడుతదని అందరు నమ్మిన్రు. రెండు గూడ అబద్ధం కాదు.

ఇగ ఆ మంగళవారం, గూడ్సు బండి ఎందుకాగిందని ఇచారణకు ఇనిస్పెక్టరు వచ్చిండు. మేటు తన చెవితోని బండిని పసిగట్టి జెండా పంపిండని, అందరు చెప్పినట్టే తెలుగుల రాసిండు. వేపచెట్టు కింద ఒకరెనుక ఒకరు బొటనవేలు ముద్రలేసిన్రు. నేను ఒక్కో అచ్చరం కూడవెట్టి సదువుతున్న.

"ఎంతసేపుర? పెండ్లి పత్రికనా అది?" అన్నడు బావ.

"మామకు ఇనవడది సారూ" అన్న నేను.

ఇనిస్పెక్టరు లేచి, మామ ఎనుకకు పోయి, గట్టిగ పేరు పెట్టి పిలిచిండు. మామ నా దిక్కే నవ్వుకుంట చూస్తున్నడు, తిరగలే. బావ కాలు జర కదిలింది. ఇనిస్పెక్టరు ఆ కాలునే చూసి, కాగితం మీద అడ్డం గీత కొట్టిండు.

మామ నౌకరి పోలే, మేటుగిరి పోయింది. తెల్లారి ఆయననే నా చేతిలకెళ్ళి జెండా తీసుకొని దూరం నడిచిండు. జెండాను చూసి నవ్విన గ్యాంగు, మామ పట్టినంక లేచి నిలబడ్డది. ఆయన అటు చేరి చెయ్యి లేపితేనే ఇటు పట్టా లేచేది. కాగితాలతోని కాని పని గట్లయింది. ఒక దినం మామకు నీళ్ళు తీస్కపోయిన. నా పెదవులు చూసుకుంట అన్నడు: "నువ్వు చెప్పింది నిజమే అల్లుడా. ముందుగాల నాతోని ఒక్క మాట అనకపోతివి?" అనాలెనని నాకు తోచనే లేదు. గదే చెప్పిన. ఆయన నీళ్ళు తాగి చెంబు ఇచ్చిండు.

నాకు మల్ల గ్యాంగుల పని దొరికింది. కానీ రొట్టె మూటలు ఇప్పేటాళ్ళకు నాకు రెండు దిక్కుల మనిషి పట్టేంత జాగ ఇడిసేటోళ్ళు. తిట్టలే, కొట్టలే. పదకొండేండ్లు గట్లనే తిన్న.

ఆ దినం వేపచెట్టు కింద ఉన్నోళ్ళు: ఇనిస్పెక్టరు, మేటు మామ, పరిగి బావ, దౌల్తాబాద్ అన్నదమ్ములిద్దరు, బొంరాస్‌పేట చిన్నాయన, మాతోని తెలుగు, తనలో తాను కన్నడం మాట్లాడే తాత, నేను. వాళ్ళ నడుమ జర జాగ దొరకాలెనని అన్నేండ్లు చూసిన. గిప్పుడు జాగంత నాదే, జరిగి కూసోనీకె ఒక్కలు లేరు.