ఏడో పిలుపు

కొండ మీది పరిశోధన కేంద్రంలో ఆ చెట్టుకప్పను మొట్టమొదట చూసింది వంటామె. గిన్నెలు తోముతుంటే నీళ్లతొట్టి పక్కన ఆకు కింద గోరంత పచ్చటి ప్రాణి కనబడింది. పెద్దసారును కేకేసి చూపించింది. పరిశోధన పత్రంలో మాత్రం సారు పేరే అచ్చయింది. పదకొండేళ్లుగా ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఆమెకు దక్కిందల్లా 'కప్పలక్క' అన్న వెక్కిరింపు.

ఆ కప్ప తనంతట తాను పలకదు. నాలుకను అంగిలికి ఆనించి "టిక్... టిక్‌టిక్" అని పిలిస్తేనే, అచ్చం అలాగే బదులిస్తుంది. ఆ విద్య ఆమె ఒక్కతికే పట్టుబడింది. రోజూ సాయంత్రం పొయ్యి ఆర్పి, పొగమంచులోకి వెళ్లి పిలిచేది. ఎన్ని బదుళ్లు వచ్చాయో సారుకు చెప్పేది.

"నేను పిలిస్తే పలకవు గానీ, కప్ప కోసమైతే పరిగెడతావే!" అనేవాడు జీపు నడిపే మొగుడు.

"అది బదులైనా ఇస్తుందయ్యా. నువ్వు గుర్రు పెడతావు."

కొండ కింది తోటలో పురుగుమందు కొట్టడం మొదలయ్యాక బదుళ్లు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. అయినా ఆమె పిలవడం మానలేదు. ఈలోగా సారు చెట్లకు రికార్డింగ్ పెట్టెలు కట్టించాడు. ఆమెకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఒకరోజు సారు అందరినీ కూర్చోబెట్టి, ఆ పెట్టెల్లో పడిన పిలుపులు వినిపించాడు. "వారంలో ఏడు పిలుపులు! కప్పలు క్షేమం. తోటవాళ్లను మందు ఆపమనక్కర్లేదు."

మొదటి పిలుపుకే ఆమె తలెత్తింది. పిలుపుకు ముందు సన్నగా ఒక ఊపిరి. అది తనదే. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఏడూ వినేదాకా ఆగింది.

"సార్, అది కప్ప కాదు. నేనే."

"అయితే నువ్వు కప్పవా అక్కా?" అన్నాడు సారు. అందరూ పగలబడి నవ్వారు.

"ఆరోదాకా నేనే సార్."

ఏడో పిలుపుకు ముందు ఊపిరి లేదు. ఆరోదాని వెంటనే, ఆమె వీపు వెనకనుంచే వచ్చినంత దగ్గరగా వినిపించింది. అది పెట్టెలో పడిన సాయంత్రం, చినుకులు పడుతుంటే చెవుల మీదుగా దుప్పటి కప్పుకుని ఆమె వెనుదిరిగింది; అందుకే అప్పుడు వినబడలేదు.

"ఒక్కటి మిగిలింది సార్. ఒక్కటే."

"ఏడని అటవీ శాఖకు రాసి పంపేశాం. ఇప్పుడెలా మారుస్తాం?"

నివేదిక మారలేదు. తన గొంతు మళ్లీ లెక్కలోకి ఎక్కుతుందని ఆమె పిలవడం మానేసి, నోరు బిగించి చెట్టుకింద కూర్చుంటోంది. పిలిస్తే తప్ప పలకని ఆ ప్రాణి ఇప్పుడు తానే పిలుస్తోంది. ఆగుతుంది. మళ్లీ పిలుస్తుంది. ఆమె బదులివ్వలేదు.

వచ్చే నెల మళ్లీ మందు కొడతారు. ఇది చదివినవాళ్లు అటవీ శాఖకు ఒక ఉత్తరం రాయండి. ముందు మందు ఆపమనండి. ఆ వంటామెను పక్కన కూర్చోబెట్టుకుని, చెవులొగ్గి, మళ్లీ లెక్కపెట్టమనండి. ఈ వారమే రాయండి.