గొర్లు విన్న పాఠాలు

కేతేపల్లి పక్క ఊళ్లో గొర్లు మేపుకునే గుర్వయ్యను నాలుగో తరగతిలోనే బడి నుంచి తీసేశారు. మంద వెంట పోతూ బడికి రావడం లేదని పంతులు పేరు కొట్టేశాడు. ఆ మంట ఆయన కడుపులో ఇప్పటికీ ఆరలేదు. బిడ్డ మల్లీశ్వరి పేరు మాత్రం ఎవరూ కొట్టెయ్యకూడదు, అదొక్కటే ఆయన పట్టుదల.

కరోనా వచ్చి బళ్లు మూతపడ్డాయి. మల్లీశ్వరిది అప్పుడు తొమ్మిదో తరగతి. లెక్కలు చెప్పే శోభ టీచర్ ఇంటికొచ్చి, ఇక పాఠాలు ఫోన్లోనే వస్తాయని చెప్పింది.

“రోజూ పాఠం తెరవాలె గుర్వయ్యా. తెరిస్తే మాకు ఎరుకైతది. తెరవకుంటే పిల్ల బడికి రానట్టే లెక్క.”

ఆ ఆఖరి మాట గుర్వయ్య గుండెలో గుచ్చుకుంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. అది మందతో పోవాల్సిందే. ఎరువు కోసం తమ చెలకలో మంద పెట్టమని రైతులు పిలిచేది దానికే. ఆ పిలుపులు ఆగితే పొయ్యి వెలగదు. ఆలోచించి ఆలోచించి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. రేషన్ దుకాణంలో ఇంటివాళ్లు ఎవరు వేలు పెట్టినా బియ్యం ఇస్తారు కదా, పాఠం కూడా అంతే అనుకున్నాడు.

అప్పటి నుంచి గొర్లను గుట్ట మీదికి తోలి, సిగ్నల్ దొరికే బండ మీద కూర్చుని, ఫోన్లో టీచర్ చూపించిన బొమ్మను నొక్కి పాఠం తెరిచేవాడు. ఎండైనా ముసురైనా పాఠం అయ్యేదాకా కదిలేవాడు కాదు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఒకసారి పాఠం మధ్యలో లేవకూడదని కూర్చుని, గొర్రెపిల్లను కుక్కల పాలు చేశాడు.

ఆయన ఇల్లు చేరేసరికి ఫోన్లో ఛార్జింగ్ ఉండేది కాదు, ఆనాటి డేటా కూడా అయిపోయేది.

“నీ పాఠం నేను పెట్టిన బిడ్డా, ఫికర్ చెయ్యకు.”

“నువ్వు పెడితే నాకెట్లొస్తది బాపూ?” అని ఆ పిల్ల తల కొట్టుకునేది.

“మేడం ఖుషీగనే ఉన్నది గద!”

నిజమే, మేడం ఖుషీగానే ఉంది. ఒక్క రోజూ తప్పకుండా పాఠం తెరిచింది మల్లీశ్వరేనని పైవాళ్లకు చెప్పుకుంది కూడా. తెరిచారా, తెరిచారా అని అడిగేవాళ్లే గానీ, పిల్లకు ఏమన్నా వచ్చిందా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు!

చలికాలం చివర్లో బడి తెరిచారు. గుర్వయ్య కొత్త రుమాలు చుట్టుకుని బిడ్డ వెంట పోయాడు. శోభ టీచర్ అందరి ముందూ మల్లీశ్వరిని మెచ్చుకుని, బోర్డు మీద లెక్క చెయ్యమంది. పిల్ల సుద్దముక్క పట్టుకుని నిలబడింది. ఎంతసేపైనా చెయ్యి కదల్లేదు.

“అన్ని పాఠాలు సూసినవు గద, ధ్యాస ఏడున్నది?” టీచర్ కసిరింది.

గుమ్మంలో ఉన్న గుర్వయ్యకు అప్పుడు దిమ్మ తిరిగింది.

“ఆమెనేమనకు మేడం. పాఠాలు నేను తెరిచిన, మంద కాడ. గొర్లు ఇన్నయి. నా బిడ్డ ఇనలే.”

పిల్లలు గొల్లుమన్నారు. టీచర్ నవ్వలేదు. గుర్వయ్య జేబులోంచి ఫోను తీసి బిడ్డ చేతిలో పెట్టాడు.

“ఇగ నీ కాడనే ఉంచుకో. రైతులు పిలిస్తే పిలిచిన్రు, లేకుంటే లేదు.”

“ఇప్పుడెందుకు బాపూ? బడి తెరిచిన్రు, ఫోన్ల పాఠాలు బందు పెట్టిన్రు.”

పిల్ల ఫోను తిరిగి ఇచ్చేసి పోయి కూర్చుంది. టీచర్ హాజరు పిలవసాగింది. మల్లీశ్వరి పేరు వచ్చింది. ఆ పేరు వినడానికే ఆయన అన్నాళ్లు బండ మీద కూర్చున్నాడు. ఇప్పుడు విని, అక్కడ నిలబడలేక, గొర్ల దిక్కు నడిచాడు.